కళ్ళకద్దుకునే చెయ్యి

కంపెనీలో నూకరత్నం చేతికి పేరుంది. నూకరత్నానికి లేదు.

ఆ చేతిని అక్కడ ‘ఏడో చెయ్యి’ అంటారు. సూపర్‌వైజర్లు అంటారు, మేనేజర్లు అంటారు, సముద్రానికి అవతల ఏ దేశంలోనో కూర్చుని లాభాలు చూసుకునే పెద్దమనుషులు కూడా అంటారట. ఏడో చెయ్యి ఎక్కించాక లైన్లు పరుగెడుతున్నాయని వాళ్ళంతా మురిసిపోతుంటే, ఆ చేతి తాలూకు మనిషి క్యాంటీన్లో పళ్ళెం పట్టుకుని సాంబారన్నం కోసం వరసలో నిలబడి ఉండేది. ఆమె వంక తలెత్తి చూసినవాడు లేడు. చెయ్యి దొరికాక ఇక మనిషితో పనేముంది?

నూకరత్నానిది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. అక్కడి మగవాళ్ళు వేటకి గుజరాత్ పోయి, బోట్ల మీద నెలల తరబడి ఉండిపోతారు. ఆడవాళ్ళు ఇంటిపట్టున ఉండి వలలు బాగుచేసుకునేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళకీ రైలెక్కడం వచ్చింది. నూకరత్నం ఎక్కిన రైలు ఆమెను తమిళ సరిహద్దు దగ్గరి పారిశ్రామికవాడలో దింపింది. చెవుల్లో దోపుకుని పాటలు వినే బుల్లి స్పీకర్లు చేసే ఫ్యాక్టరీ అది. నువ్వుగింజంత జాలీని పట్టకారుతో పట్టి, జిగురు పెట్టి అతికించి, పైకి పొంగిన జిగురును మందునీళ్ళతో తుడవాలి. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం చుక్కలు కనిపిస్తాయి. వచ్చినవాళ్ళలో సగం మంది పని పట్టుబడకముందే ఏడ్చుకుంటూ ఇంటిదారి పట్టేవాళ్ళు. చిన్నప్పటినుంచి వలముళ్ళతో ఆడుకున్న వేళ్ళు కాబట్టి నూకరత్నానికి ఆ పని ఇట్టే వచ్చేసింది.

అంతకుముందు ఆరుగురి చేతులు తీసుకుని చూసినా కుదరక, ఆ వేళ్ళ కోసమే ఇందుమతి మేడం ఆమెను ప్రయోగశాలకి పిలిపించింది. ఫ్యాక్టరీ ఆవరణలోనే, చెట్ల చాటున, చల్లగా, నిశ్శబ్దంగా ఉండే భవనం అది. మేడం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, చేతికి పల్చటి తొడుగు వేసింది. తొడుగు లోపల వెంట్రుకల్లాంటి తీగలున్నాయి.

“నువ్వు పని చేస్తుంటే నీ చేతిలో ఏ నరం ఎప్పుడు ఎంత బిగుస్తోందో ఇది పట్టుకుంటుంది. తర్వాత కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఇలాంటిదే వేసుకుని పడుకుంటారు. నిద్రలో వాళ్ళ చేతికి ఇది నేర్పిస్తుంది. వారం తిరిగేసరికి వాళ్ళది కూడా నీ చెయ్యే,” అంది మేడం.

“మరి ఆల సెయ్యి ఏటయిపోద్దండి?”

మేడం నవ్వింది. మంచి మనిషే, నవ్వు కూడా మంచిదే. నవ్వుతూనే పట్టకారు తీసి ఇచ్చింది.

పట్టకారు అందుకోగానే నూకరత్నం దాన్ని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళను రెండు కళ్ళకీ అద్దుకుంది. మేడం ఆపింది. “అదేమిటి, ఇప్పుడు చేశావే?”

“మాయమ్మ నేర్పిందండి. పని ముట్టు సేతికొస్తే కళ్ళకద్దుకోవాల. వల అల్లే సూదైనా అంతే, తెడ్డైనా అంతే. అన్నం పెట్టీది అదే గదండి. వద్దంటే మానేస్తాను.”

“వద్దు వద్దు. నీకెలా అలవాటో అలాగే చెయ్యి. నువ్వు ఆలోచించావంటే చెయ్యి తడబడుతుంది.”

లైను మీద ఆమె షిఫ్టు మొదట్లో ఒక్కసారే అద్దుకునేది. ప్రయోగశాలలో ఒక ట్రే పూర్తికాగానే తొడుగు ఆపి, పట్టకారు వెనక్కి తీసుకుని, తుడిచి, మళ్ళీ చేతికిచ్చేవాళ్ళు. ముట్టు కొత్తగా చేతికొచ్చింది కదా, మళ్ళీ అద్దుకునేది. ప్రతి ట్రేకీ అద్దుకునేది. ఇంకొకటి కూడా ఉంది. అక్కడ మందునీళ్ళ గిన్నెలో మందునీళ్ళు లేవు, మామూలు మంచినీళ్ళు పోశారు. మందు తగిలితే ఖరీదైన తొడుగు పాడవుతుందట. మనుషుల చేతులకి లేని భయం తొడుగుకి ఉందన్నమాట. నూకరత్నానికి అప్పుడు అది తట్టలేదు. చేతులు మండకుండా పని చేసుకుంటున్నందుకు లోలోపల సంతోషించింది కూడా.

ఆ పనికి బహుమానంగా కంపెనీ ఆమెకి ఒక ప్రెషర్ కుక్కరు ఇచ్చింది. హాస్టల్లో వంట నిషేధం. కుక్కరు అట్టపెట్టెలోనే మంచం కింద ఉండిపోయింది. దానితోపాటు ఆమెను లైను నుంచి తప్పించి, కొత్తవాళ్ళకి తొడుగులు వేసే పనిలో పెట్టారు. యంత్రాల రొద లేదు, మందువాసన లేదు. చెల్లెలు బంగారి ఇంటి దగ్గర ఊరికే కూర్చుందని తల్లి ఫోను చేసినప్పుడు నూకరత్నం ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు.

“పంపీయే అమ్మా. ఇప్పుడు పని నేర్చుకోనక్కర్నేదు. పడుకుంటే సాలు, వొచ్చీసుద్ది,” అంది.

బంగారి చేతికి తొడుగు వేసింది నూకరత్నమే. తీగలు చెల్లెలి మణికట్టు మీద సరిగ్గా కూర్చున్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసి మరీ వేసింది. బంగారిది పుర్రచెయ్యి. ముగ్గు వేసినా, కొడవలి పట్టినా ఎడమచేత్తోనే. తల్లి తిట్టినా, కొట్టినా మారలేదు. వారం తిరిగేసరికి ఆ పిల్ల కుడిచేత్తో పట్టకారు పట్టి, అక్కలాగే వేళ్ళు తిప్పుతోంది. ఎడమచెయ్యి అలిగిన చుట్టంలా ఒళ్ళో పడుంది.

“అమ్మ ఇరవై ఏళ్ళు బాదినా అవ్వనిది, నిద్రట్లో అయిపోనాది సూడప్పా,” అని బంగారి పడీ పడీ నవ్వింది. అక్క కూడా నవ్వింది. అప్పుడు నవ్వులాటగానే ఉంది మరి.

హాస్టలు గది ఇరుకు. మంచాలు ఒకదాని మీద ఒకటి రైలు బెర్తుల్లా ఉంటాయి. ఒక్కో మంచానికి ఇద్దరు మనుషులు, ఒకరు పగటి షిఫ్టు, ఒకరు రాత్రి షిఫ్టు. ఒకరి ఒంటి వేడి ఆరకముందే ఇంకొకరు వచ్చి వాలిపోవాలి. బంగారి మంచంలో రెండో వంతు జార్ఖండ్ నుంచి వచ్చిన సలోమిది. ఇద్దరూ నిలబడి మాట్లాడుకున్నది తక్కువే. కానీ తలగడ కింద ఒకరికోసం ఒకరు ఏదో ఒకటి ఉంచుకునేవాళ్ళు. సగం సబ్బుబిళ్ళో, వేరుశనగ ఉండో.

ఒక ఆదివారం సలోమి తలదువ్వుకోబోతూ దువ్వెనను తాకి, వేళ్ళను కళ్ళకద్దుకుంది. మెడలో సిలువ ఊగుతోంది. నూకరత్నం ముక్కున వేలేసుకుంది.

“ఇది నీకెవురు నేర్పినారే?”

“ఎవరూ లేదు దీదీ. చెయ్యి చేసింది,” అంది సలోమి, తనకీ అప్పుడే తెలిసినట్టు.

ఎక్కడో అడవిలో పుట్టిన పిల్ల, సముద్రం ముఖం చూడనిది, నూకరత్నం తల్లి చేసినట్టే చేస్తోంది. అమ్మ చూస్తే ఎంత పొంగిపోయేదోనని నూకరత్నం అనుకుంది.

కళ్ళు ఎర్రబడటం అప్పటికే మొదలైంది. ముందు నలుగురికి, తర్వాత గది గదికీ. కళ్ళకలక అన్నారు. ఇంతమంది ఒకే చోట, ఒకే దుప్పట్లో పడుకుంటే రాక ఏం చేస్తుందన్నారు. అలా పడుకోబెట్టింది ఎవరో మాత్రం ఎవరూ అనలేదు. వార్డెన్ గోడల నిండా బొమ్మలు అంటించింది. మురికి చేతులతో కళ్ళు నలుపుకుంటున్న అమ్మాయి బొమ్మ, దాని మీద ఎర్రటి అడ్డుగీత. పరిశుభ్రత పాటించండి అని అయిదు భాషల్లో రాసి ఉంది. ఆ వారంలోనే నీళ్ళ ట్యాంకరు రెండుసార్లు రాలేదు.

బంగారి చుక్కల మందు వేసుకుని పనికి పోతూనే ఉంది. ఒకరోజు గుమ్మం తట్టుకుని పడింది. ఇంకోరోజు క్యాంటీన్లో పళ్ళెం బల్ల అంచున పెట్టబోయి గాలిలో పెట్టింది. అన్నం నేలపాలైంది.

“కనపడనేదేటే?” అంది నూకరత్నం.

“మంచు పడినట్టుంటాదప్పా, అంతే. నువ్వు అమ్మకి సెప్పకు.”

మర్నాడు నూకరత్నం తన పని పక్కన పడేసి, చెల్లెలిని కంటి డాక్టరుకి చూపించడానికి పర్మిషన్ అడుగుదామని లైను దగ్గరికి పోయింది. ఏడో చెయ్యి ఎక్కించాక ఆమె అటు రావడం అదే మొదటిసారి. లోపలికి వెళ్ళనివ్వలేదు. అద్దం గోడ ఇవతల నిలబడి చూసింది.

కొత్త ట్రేలు బెల్టు మీద వచ్చి అందరి ముందూ ఆగాయి. వరస వరసంతా పట్టకార్లు తాకింది. వరస వరసంతా చేతులు ఒక్కసారి పైకి లేచి కళ్ళకద్దుకున్నాయి. ఒరియా పిల్లలు, బీహారు పిల్లలు, తెలుగు పిల్లలు, తలకి గుడ్డ కట్టుకున్న తురక పిల్ల, అందరూ ఒక్కలాగే. గుళ్ళో హారతి పళ్ళెం తిరిగినప్పుడు కూడా జనం అంత భక్తిగా కళ్ళకద్దుకోరు. నూకరత్నం ముఖం విప్పారింది. మరుక్షణమే వాడిపోయింది. ఆ వేళ్ళు తడిగా ఉన్నాయి. అప్పుడే ముందు ట్రేని తుడిచిన మందునీళ్ళు వేలికొసల మీద మెరుస్తున్నాయి. ఆ తడి తిన్నగా కళ్ళలోకి పోతోంది. ఈ ట్రేకి, తర్వాతి ట్రేకి, ఆ తర్వాతి ట్రేకి.

ఆమె అద్దం మీద బాదింది. లోపలి యంత్రాల రొదలో ఎవరికీ వినపడలేదు. తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తి బంగారి చెయ్యి పట్టుకుంది.

“సేత్తో కళ్ళు ముట్టుకోకే.”

“నాను ముట్టుకోనేదప్పా. అదే లెగుస్తాది.”

నూకరత్నం తన చున్నీ తీసి చెల్లెలి మణికట్టును బల్లకి కట్టేసింది. కట్టేసిన చెయ్యి కట్టులోనే ఎగిరెగిరి పడుతోంది. పైకి పోలేక, పట్టకారు కూడా సరిగా పట్టలేక గిలగిలలాడింది. సూపర్‌వైజరు వచ్చి చున్నీ విప్పేసి, నూకరత్నాన్ని రెక్క పట్టుకుని బయట పెట్టాడు. బెల్టు ఆగలేదు.

ఆమె అక్కడినుంచి తిన్నగా ప్రయోగశాలకి పోయింది. ఇందుమతి మేడం తలుపు మూసి, ఆమె చెప్పిందంతా విన్నది. ఒక్క మాటకి కూడా ఆశ్చర్యపోలేదు. అదే నూకరత్నాన్ని ఎక్కువ భయపెట్టింది.

“మీకు ముందే తెలుసాండి?”

మేడం కిటికీ వైపు చూసింది. “కళ్ళ సంగతి తెలిశాక ఆ మొదటి కదలిక తీసేసి చూశాం నూకరత్నం. మొదలు తీసేస్తే మిగతా చెయ్యంతా చెదిరిపోతోంది. నువ్వు అక్కడినుంచే మొదలుపెడతావు కదా, అన్నీ దానికే ముడిపడి ఉన్నాయి.”

“కళ్ళజోల్లు పెట్టొచ్చు గదండి.”

“పెట్టించాను. ఆవిరి పట్టి పని నెమ్మదిస్తోందని తీయించేశారు. నేను పైవాళ్ళకి చెప్పాను, గట్టిగానే చెప్పాను.” మేడం మళ్ళీ ఆమె వైపు తిరిగింది. “ఒక దారుంది. ఆ అలవాటు నీ చేతికే లేకుండా చేసి, నీ దగ్గర మళ్ళీ మొదటినుంచి తీసుకోవాలి. నువ్వు ఒప్పుకుంటే మీ చెల్లెలికి చెన్నైలో పెద్ద కంటి ఆసుపత్రిలో వైద్యం చేయిస్తారు. కాకపోతే ఇది బయట ఎక్కడా అనకూడదు. డాక్టరుతో కూడా.”

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. బల్ల మీది గాజు గిన్నెలన్నీ నేలకేసి కొట్టాలనిపించింది. కానీ బంగారి గాలిలో పెట్టిన పళ్ళెం కళ్ళముందు కదిలింది. ఆ పిల్ల చూపు ముందు కావాలి, మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు అనుకుంది. తర్వాత అనుకున్నవి ఎవరికైనా ఎప్పుడు వచ్చాయి గనక?

“సేయండి,” అంది.

మాన్పించడానికి ఇంకో రకం తొడుగు తెచ్చారు. పట్టకారు తాకి చెయ్యి కళ్ళ వైపు లేస్తే చాలు, మోచేతి దాకా జివ్వుమని షాకు కొట్టేది. మొదట్లో చెయ్యి మాట వినలేదు. దెబ్బ తింటూనే లేచేది. తల్లి చేత తిట్లు తింటూనే కొంగు పట్టుకుని తిరిగే పిల్లలా, పడుతూ లేస్తూ కళ్ళ దాకా పోయేది. రానురానూ గడ్డం దగ్గర ఆగింది. ఆ తర్వాత గుండెల దగ్గర. చివరికి బల్ల మీదనుంచి లేవడమే మానేసింది.

ఈలోపు ఒకరోజు ఆమె అడిగింది. “ఇదే తొడుగు ఆ పిల్లలందరికీ యేస్తే ఆలకీ మానిపోద్ది గదండి?”

“మానిపోతుంది,” అంది మేడం. “కానీ ఒక్కొక్కరి దగ్గరా ఇలా రోజుల తరబడి కూర్చోవాలి. దానికంటే కొత్తవాళ్ళని తెచ్చి కొత్త చెయ్యి ఎక్కించడం తేలికని పైనుంచి చెప్పారు.”

ఆ మధ్యాహ్నమే ప్రయోగశాల కిటికీలోంచి నూకరత్నానికి బస్సు కనిపించింది. కళ్ళకి గుడ్డలు కట్టిన అమ్మాయిలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, సంచులు మోసుకుంటూ ఎక్కుతున్నారు. కళ్ళకలక తగ్గేదాకా ఇళ్ళకి పంపుతున్నామని చెప్పారట. వరసలో సలోమి ఉంది. బస్సు మెట్టు కోసం కాలితో వెతుక్కుంటోంది. హాస్టలుకి వచ్చి చూస్తే బంగారి తలగడ కింద సబ్బుబిళ్ళ ఉంది. ఈసారి సగం కాదు, మొత్తం.

చెన్నై ఆసుపత్రిలో డాక్టరు బంగారి కళ్ళలోకి చాలాసేపు లైటు వేసి చూశాడు. కంపెనీ మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు.

“ఇది కళ్ళకలక కాదమ్మా. నల్లగుడ్డు మొత్తం కాలిపోయినట్టుంది. మందు లాంటిదేదైనా పడిందా?” అని అడిగాడు డాక్టరు.

నూకరత్నం పక్కకి చూసింది. కంపెనీ మనిషి ఫోను తీసి ఊరికే చూసుకున్నాడు.

“కళ్ళకలకే అన్నారండి,” అంది.

డాక్టరు ఓసారి కంపెనీ మనిషిని చూసి లైటు ఆర్పాడు. ఆయన తెలుసుకున్నాడనే ఆమెకి అనిపించింది. చెయ్యగలిగింది చేశాడు. ముందే తెచ్చి ఉంటే బాగుండేదన్నాడు. బంగారి ఎడమకంటికి వెలుతురు, చీకటి తేడా తెలుస్తుంది. కుడికంటికి అదీ లేదు. కొన్నాళ్ళకి ఏడో చెయ్యి పోయి ఎనిమిదో చెయ్యి వచ్చింది. లైన్లు ఇంకా వేగంగా పరుగెడుతున్నాయని అందరూ చెప్పుకున్నారు. పని అయిపోయిన చేతికి ఈసారి బహుమానం కూడా ఇవ్వలేదు. అక్కచెల్లెళ్ళిద్దరినీ ఊరికి పంపేసిన రోజు ఇందుమతి మేడం స్టేషను దాకా వచ్చి, బంగారి తల నిమిరి, రైలు కదలకముందే వెళ్ళిపోయింది.

ఇల్లు చేరాక నూకరత్నం తల్లికి నిజం చెప్పలేదు. ఏమని చెబుతుంది? నువ్వు నేర్పిన దండమే నీ కూతురి కళ్ళు తీసిందని చెప్పడానికి ఏ నోరు వస్తుంది? కళ్ళకలక ముదిరిపోయిందని చెప్పింది. తల్లి ఏడ్చింది, ఆసుపత్రిని తిట్టింది, ఊరమ్మవారికి మొక్కింది. ఆఖరికి అట్టపెట్టెలోంచి కుక్కరు తీసి కూతుళ్ళకి అన్నం వండి పెట్టింది.

వాన తెరిపి ఇచ్చిన ఒక ఉదయం, ఇసకలో పరిచిన చిరిగిన వల ముందు ముగ్గురూ కూర్చున్నారు. తల్లి వెదురు సూదికి దారం చుట్టి పెద్దకూతురికి అందించింది. నూకరత్నం చెయ్యి సూదిని అందుకుంది. అందుకున్నదే తడవుగా ముడి వేసింది. ఒకటి, ఇంకొకటి, తర్వాత ఇంకొకటి.

తల్లి చేతిలో పని ఆపి చూసింది.

“ఏటే, కళ్ళకద్దుకోకండానే మొదలెట్టీసినావు? రెండేళ్ళు కంపినీలో ఉండీసరికి అన్నం పెట్టే ముట్టు కూడా అలుసైపోనాదేటి?”

నూకరత్నం అద్దుకుందామనుకుంది. నిజంగానే అనుకుంది. చెయ్యి లేవలేదు.

“నాకూ ఓ సూదియ్యే అమ్మా. సేత్తో తడువుకుని యేస్తాను,” అంది బంగారి. తల్లి ఇంకో సూది ఆ పిల్ల అరచేతిలో పెట్టింది. బంగారి కుడిచెయ్యి సూదిని తాకింది. తిన్నగా పైకి లేచి, ముందు కుడికంటికి, తర్వాత ఎడమకంటికి నెమ్మదిగా అద్దుకుంది.

తల్లి కొంగుతో ముఖం తుడుచుకుంది. “సూడు దాన్ని. కళ్ళు పోనా ఇది మరవనేదు. నీకు రెండు కళ్ళూ ఉండీ ఏటి నాభం?”

నూకరత్నం వల మీదికి తల వంచింది. కళ్ళలో నీళ్ళు ఊరి, చెంపల మీదుగా జారి, గడ్డం నుంచి వల మీద పడ్డాయి. తుడుచుకోవాలని ఆమెకి ఉంది. చేతులు మాత్రం వంచిన తల కిందే, వేగంగా, ఒక్క ముడి కూడా తప్పకుండా అల్లుకుంటూ పోయాయి. కళ్ళ దాకా వెళ్ళే దారి వాటికి ఇక తెలియదు.